మోకాళ్ళు అరిగాయని అమ్మను కూర్చోబెట్టకండి

(రోగుల బంధువుల కొరకు ఔట్ పేషెంట్ విభాగం వరండాలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది తెల్లవారకముందే మొదటి బస్సు పట్టుకుని వచ్చారు. చీటీ రాయించుకుని, మీ అమ్మగారినో, అత్తగారినో, నాన్నగారినో ఎక్స్‌రేకి పంపి ఇక్కడ కూర్చున్నారు. ఈ అరగంట నేను మాట్లాడదలచింది లోపల ఉన్న రోగులతో కాదు, మీతోనే. ఎందుకంటే మోకాలి అరుగుదల తొలి దశలో ఉన్నప్పుడు దానికి అసలైన వైద్యం ఆసుపత్రిలో కన్నా ఇంట్లోనే ఎక్కువ జరుగుతుంది. ఆ వైద్యాన్ని సాగనిచ్చేదీ ఇంట్లో వాళ్ళే, తెలియక ఆపేదీ ఇంట్లో వాళ్ళే.

ముందుగా నా పొరపాటు చెబుతాను. మా అమ్మకు యాభై ఆరో ఏట కుడి మోకాలు నొప్పి మొదలైంది. అప్పటికే నేను డాక్టరును. "అమ్మా, ఇంక నువ్వు ఏ పనీ పెట్టుకోకు, హాయిగా కూర్చో" అన్నాను. రోజూ నడిచి వెళ్ళి పాలకేంద్రంలో పాలు పోసి వచ్చేది, అది మాన్పించాను. పెరట్లో పని మాన్పించాను. అంతా ప్రేమతోనే చేశాను. ఏడాది తిరిగేసరికి అమ్మ ఎనిమిది కిలోల బరువు పెరిగింది. తొడ కండ కరిగిపోయింది. మంచం మీద నుంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వచ్చింది. మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తే అందులో పెద్ద మార్పేమీ లేదు. మోకాలు అంతగా పాడవలేదు, మోకాలిని మోసే కండ పాడైంది. ఆ పని చేసింది జబ్బు కాదు, నేను. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

మోకాలిలో ఏం జరుగుతుంది?

మోకాలి దగ్గర పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, ముందు చిప్ప కలుస్తాయి. ఎముకల చివర్ల మీద తెల్లగా, నున్నగా ఒక పొర ఉంటుంది. దీన్ని మృదులాస్థి అంటారు. మనవాళ్ళు వాడుకలో గుజ్జు అంటారు. ఈ పొర అక్కడక్కడ పలచబడి గరుకుగా మారడం, దాని కింద ఎముక గట్టిపడడం, అంచుల్లో చిన్న మొనలు పెరగడం, కీలు లోపలి పొర వాయడం, చుట్టూ ఉన్న కండరాలు బలహీనపడడం, ఇవన్నీ కలిస్తే దాన్ని కీలు అరుగుదల అంటాం.

రెండు సంగతులు బాగా గుర్తుపెట్టుకోండి. మొదటిది, ఈ గుజ్జుకు రక్తనాళాలు లేవు. దానికి ఆహారం కీలులో ఉండే ద్రవం నుంచే అందాలి. అడుగు వేసినప్పుడు అది స్పాంజిలా నొక్కుకుంటుంది, అడుగు ఎత్తినప్పుడు ద్రవాన్ని పీల్చుకుంటుంది. అంటే నడకే దానికి అన్నం. కదలని కీలు పస్తు ఉన్నట్లే. బండి టైరు తిరిగేకొద్దీ అరుగుతుంది కాబట్టి మోకాలు కూడా నడిచేకొద్దీ అరుగుతుందని అనుకోవడం పొరపాటు. టైరు తనను తాను పోషించుకోలేదు.

రెండవది, గుజ్జుకు నరాలు కూడా లేవు. నొప్పి వచ్చేది దాని కింది ఎముక నుంచి, వాచిన పొర నుంచి, బిగుసుకుపోయిన కండరాల నుంచి. అందువల్ల అరిగిన గుజ్జును తిరిగి మొలిపించే మందు ఇప్పటికీ లేకపోయినా, నొప్పిని తగ్గించుకుని మంచిగా తిరగడం మాత్రం సాధ్యమే.

ఇది ఆ జబ్బేనా?

వయసు నలభై అయిదు దాటింది. పని చేస్తే నొప్పి వస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున లేవగానే మోకాలు బిగుసుకుని, అరగంట లోపల సర్దుకుంటుంది. మెట్లు దిగేటప్పుడు, బాసింపట్టు వేసుకుని లేచేటప్పుడు పట్టేస్తుంది. ఇలా ఉంటే చాలావరకు ఇది తొలి దశ అరుగుదలే. కదిలించినప్పుడు కటకటమని శబ్దం రావచ్చు. నొప్పి లేని శబ్దానికి భయపడనక్కరలేదు.

ఎక్స్‌రేలో మార్పులను 0 నుంచి 4 వరకు లెక్కించే పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు 1957లో చెప్పారు. 1, 2 అంటే తొలి దశ. ఎక్స్‌రేను రోగిని నిలబెట్టి తీస్తేనే ఎముకల మధ్య సందు సరిగా తెలుస్తుంది. అయితే ఫిల్ములో ఎక్కువ మార్పు ఉండి నొప్పి లేనివారు ఉన్నారు. తక్కువ మార్పుతో బాగా బాధపడేవారూ ఉన్నారు. మనం వైద్యం చేసేది మనిషికి, ఫిల్ముకు కాదు. కనుక "గుజ్జు అయిపోయిందట" అని ఇంట్లో ఏడుపులు పెట్టకండి. ఆ మాట విన్న మనిషి మర్నాటి నుంచి అడుగు తీయడానికి జంకుతుంది.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఇది వేరే జబ్బు కావచ్చు, ఆలస్యం చేయకూడదు. మోకాలు ఎర్రగా వాచి, వేడిగా ఉండి, జ్వరం రావడం. పొద్దుటి బిగుసుదనం గంటకు పైగా ఉండి, చేతివేళ్ళ కీళ్ళు కూడా వాయడం. పడిపోయిన తర్వాత కాలు మోపలేకపోవడం. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం. కదలకుండా పడుకున్నా రాత్రంతా నొప్పి తగ్గకపోవడం. పిక్క వాచి నొప్పి పుట్టడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే తీసుకురండి.

మన ప్రాంతానికి సంబంధించి మరో రెండు విషయాలు. 2006లో మన రాష్ట్రంలో చికున్‌గున్యా ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేసింది. ఆ జ్వరం తగ్గినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి ఉండిపోతాయి. అలాగే నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న గ్రామాలు ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవారికి కీళ్ళు, వెన్నెముక బిగుసుకుపోతాయి. ఈ మధ్య అలాంటి జ్వరం వచ్చినా, అలాంటి ఊళ్ళలో పెరిగినా డాక్టరుగారికి ముందే చెప్పండి.

మొదటి మందు వ్యాయామం

నడిచేటప్పుడు మన బరువును, అదురును కొంత తీసుకోవలసింది తొడ కండ. అది బలంగా ఉంటే మోకాలికి భారం తగ్గుతుంది. అమెరికాలో సైనిక ఆసుపత్రులలో 156 మంది రోగుల మీద జరిపిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. సగం మందికి మోకాలిలో స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు, సగం మందికి ఫిజియోథెరపీ చేయించారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పి, ఇబ్బంది తక్కువగా ఉన్నది ఫిజియోథెరపీ చేసిన వారిలోనే.

ఇంట్లో చేయించవలసిన వ్యాయామాలు ఇవి. ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు రెండు పూటలా చేయించండి.

1. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోవాలి. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టాలి. తొడ బిగించి తువ్వాలును కిందికి నొక్కుతూ అయిదు లెక్కపెట్టాలి, వదలాలి.

2. వెల్లకిలా పడుకోవాలి. ఒక కాలు మడిచి, రెండో కాలును నిటారుగా ఒక అడుగు ఎత్తు లేపాలి. అయిదు లెక్కపెట్టి నెమ్మదిగా దించాలి. ఊపిరి బిగపట్టకూడదు.

3. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు నిటారుగా చాపాలి. అయిదు లెక్కపెట్టి దించాలి.

4. గోడకు ఆనించిన కుర్చీలో నుంచి, చేతుల ఊతం వీలైనంత తక్కువగా తీసుకుంటూ లేవాలి, నెమ్మదిగా కూర్చోవాలి. మొదట్లో అయిదుసార్లు చాలు.

5. గోడ పట్టుకుని మడమలు ఎత్తి మునివేళ్ళ మీద నిలబడాలి, దించాలి.

వీటితో పాటు చదునైన దారిలో నడక. పది నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచుతూ అరగంటకు తీసుకురండి. నడక కుదరనివారు సైకిలు తొక్కవచ్చు.

"చేస్తుంటే నొప్పి వస్తోంది, మానేశాం" అని చాలామంది చెబుతారు. కొద్దిపాటి నొప్పి వచ్చినంత మాత్రాన కీలు పాడవుతున్నట్లు కాదు. చేసిన నొప్పి మర్నాటికల్లా మామూలు స్థితికి వస్తే కొనసాగించండి. మర్నాడు కూడా ఎక్కువగానే ఉన్నా, మోకాలు వాచినా, సగానికి తగ్గించండి. పూర్తిగా మాత్రం మానవద్దు. గుణం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. చాలామంది మూడో వారంలో వదిలేస్తారు. అక్కడే మీ అవసరం ఉంది. పక్కన కూర్చుని లెక్కపెట్టే మనవడో, మనవరాలో ఉన్న ఇంట్లో వ్యాయామం ఆగదు.

రెండవ మందు బరువు తగ్గడం

2005లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, శరీర బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోను మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అయిదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై కిలోలు తగ్గినట్లు. రోజుకు ఎన్ని వేల అడుగులు వేస్తామో మీరే లెక్క వేసుకోండి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో చేసిన అధ్యయనంలో, పదేళ్ళలో సుమారు అయిదు కిలోలు తగ్గిన స్త్రీలకు నొప్పితో కూడిన మోకాలి అరుగుదల వచ్చే అవకాశం సగానికి తగ్గిందని 1992లో ప్రకటించారు.

అమ్మ బరువు గురించి మాట్లాడేముందు మన ఇంట్లో అమ్మ ఎలా తింటుందో ఒకసారి చూడండి. అందరికీ వడ్డించి చివర కూర్చుంటుంది. కూర అయిపోయి ఉంటుంది. గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక పచ్చడితోనో, మజ్జిగతోనో ముగిస్తుంది. అన్నం ఎక్కువ, పప్పు తక్కువ. బరువు పెరుగుతుంది, కండ మాత్రం పెరగదు. కనుక అన్నం కొలిచి వండండి. అమ్మకు కూడా పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కూర ముందే తీసి పెట్టండి. నూనె, తీపి, టీలో పంచదార తగ్గించండి. వంకాయ, గోంగూర, చింతపండు మానితే అరుగుదల తగ్గుతుందని చెప్పడానికి ఆధారాలు లేవు. పస్తులు ఉంచవద్దు. సన్నగా ఉన్నవారు బరువు తగ్గనక్కరలేదు.

ఇంట్లో చిన్న మార్పులు

మోకాలికి ఎక్కువ భారం పడేది బాగా ముడిచి కూర్చున్నప్పుడు, మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు, అలా కూర్చుని లేచేటప్పుడు. మన జీవితమంతా నేల మీదే గడుస్తుంది కాబట్టి కొన్ని మార్పులు చేసుకోవాలి.

గ్యాసు పొయ్యి నేల మీద ఉంటే గట్టు మీదికి మార్చండి. కూరలు తరిగేది కత్తిపీట ముందు కాకుండా బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని చేయనివ్వండి. బట్టలు ఉతకడానికి ఎత్తు స్టూలు వేయండి. వాకిలి ఊడ్చడానికి పొడుగు కర్ర చీపురు కొనండి. మరుగుదొడ్డిలో వెస్ట్రన్ కమోడ్ పెట్టించే స్తోమత లేకపోతే, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ ఉన్న దొడ్డి మీదే వేసుకోవచ్చు. పండుగకు పట్టుచీర కొనేముందు ఈ కుర్చీ కొనండి. పల్లపు మంచం అయితే కోళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు చేయండి, కదలకుండా చూడండి. మోకరించి ప్రార్థన చేసేవారు, నమాజు చేసేవారు, నేల మీద కూర్చుని పూజ చేసుకునేవారు కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. అందులో తప్పు లేదు.

కూలి పనికి వెళ్ళే తల్లిని "పని మానెయ్" అంటే ఇల్లు గడవదు. అది మాకూ తెలుసు. గొంతుకు కూర్చుని కలుపు తీసే పనిని గంటల తరబడి ఒకే ఊపులో చేయకుండా, అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు నడవమనండి. వీలైతే నిలబడి చేసే పనితో మార్చుకోమనండి.

నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో చేతికర్ర పట్టుకోవచ్చు. కర్ర పట్టవలసింది నొప్పి ఉన్న కాలి వైపు కాదు, దానికి ఎదురు వైపు చేతితో. కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ చేతిలో కర్ర. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు వేయాలి. వేడి కాపడం పెట్టవచ్చు. షుగరు వల్ల స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు, కనుక వేడిని ముందు మీ చేతికి చూసుకుని పెట్టండి.

మందుల సంగతి

తొలి దశలో ముందు వాడదగినది పైపూత మందు. డైక్లోఫినాక్ వంటి జెల్ చర్మం మీద రాస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. మాత్రల కన్నా క్షేమం.

నొప్పి మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులో, తక్కువ రోజులు మాత్రమే. ఇది మీకు గట్టిగా చెబుతున్నాను. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చి నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, బి.పి. పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, గుండెకూ ముప్పే. బి.పి., షుగరు, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నల్లగా తారులా విరేచనం అయితే వెంటనే ఆసుపత్రికి రావాలి. మోకాలి నొప్పితో మనిషి చనిపోదు. విచ్చలవిడిగా వాడిన మాత్రలతో చనిపోవచ్చు.

పేరు లేని పొట్లాలు, చీటీ అంటించని గోలీలు కొనకండి. "రెండు రోజుల్లో నొప్పి మాయం" అని అమ్మేవాటిలో కొన్నింట స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. ఆ పొట్లం వెంట తీసుకుని డాక్టరుగారి దగ్గరకు రండి.

డబ్బు ఖర్చు పెట్టేముందు

అప్పు చేసి వైద్యం చేయించేవారు ఈ భాగం శ్రద్ధగా వినండి.

గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మాత్రలను అమెరికాలో 1583 మంది మీద పరీక్షించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చూస్తే అవి ఉత్తుత్తి మాత్రల కన్నా మెరుగని తేలలేదు.

స్టెరాయిడ్ ఇంజక్షన్ వాపు బాగా ఉన్నప్పుడు కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. అయితే మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్ళు ఇచ్చి చూసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఉప్పునీటి ఇంజక్షన్ ఇచ్చినవారి కన్నా వీరికి నొప్పి తగ్గలేదు సరికదా, గుజ్జు మరింత పలచబడింది.

'గుజ్జు ఇంజక్షన్' అని పిలిచే జెల్ ఇంజక్షన్ అరిగిన గుజ్జును తిరిగి నింపదు. బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శకాలు 2022లో దీన్ని ఇవ్వవద్దనే చెప్పాయి. సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పి.ఆర్.పి. ఇంజక్షన్‌ను ఆస్ట్రేలియాలో 288 మంది మీద పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత నొప్పిలో గాని, గుజ్జులో గాని ఉప్పునీటికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

దుర్బీను పెట్టి మోకాలు 'కడిగే' ఆపరేషన్ కూడా అంతే. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద పరీక్షించారు. కొందరికి నిజంగా చేశారు, కొందరికి పైన చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టారు. 2002లో ప్రకటించిన ఫలితాల్లో ఇద్దరికీ తేడా లేదు.

మోకాలి మార్పిడి ఆపరేషన్ మంచి ఆపరేషనే. కాని అది గుజ్జు పూర్తిగా అరిగి, పై వైద్యాలన్నీ చేసినా నడవలేని, నిద్రపోలేని వారికి. తొలి దశలో దాని కోసం పొలం అమ్మనక్కరలేదు. నిజంగా అవసరం వచ్చిన నాడు భయపడి వాయిదా వేయనూ వద్దు.

డాక్టరుగారిని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి

అరుగుదల ఎన్నో దశలో ఉంది? మా అమ్మ ఏ వ్యాయామాలు చేయాలి, ఒకసారి చేయించి చూపిస్తారా? ఈ మాత్ర ఎన్ని రోజులు వాడాలి, ఎప్పుడు ఆపాలి? మళ్ళీ ఎప్పుడు రావాలి? ఈ ప్రశ్నలు అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు.

మా అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. మా ఫిజియోథెరపిస్టు నన్ను మందలించిన తర్వాత తువ్వాలు చుట్టతో మొదలుపెట్టాం. మొదటి నెల అమ్మ నన్ను రోజూ తిట్టేది. రెండో నెలలో నా సాయం లేకుండా మంచం దిగింది. నాలుగో నెలలో పాలక్యాను పట్టుకుని తనే పాలకేంద్రానికి బయలుదేరింది. నొప్పి పూర్తిగా పోలేదు. వానాకాలంలో ఇప్పటికీ పట్టేస్తుందంటుంది. కానీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరుగుతోంది. ఆవిడకు కావలసింది అదే.

కాసేపట్లో మీవాళ్ళు ఎక్స్‌రే కవరు పట్టుకుని బయటికి వస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపోకండి. తొలి దశే అని డాక్టరుగారు చెబితే, బస్టాండు వరకు మీ పక్కన నెమ్మదిగా నడిపించి తీసుకువెళ్ళండి. వైద్యం అక్కడి నుంచే మొదలవుతుంది.